ఊరి పనిలో కుర్రకారు: గోదావరి డెల్టాలో యువజన భాగస్వామ్యం

గోదావరి ధవళేశ్వరం దిగువన గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలి సముద్రం వైపు సాగే నేలలో ఒక్కడే చేసుకోగల పని చాలా తక్కువ. కాలువ నీటి వంతు, వరదలో గట్టు కాపలా, నది మధ్య లంకకు పడవ, కోవెల ఉత్సవానికి చందా అన్నీ పదిమందితో ముడిపడ్డవే. ఆ పదిమందిలో కుర్రకారు ఎప్పుడూ ఉంటారు. అయితే బరువులు మోసే దగ్గర ఉన్నంతగా వాళ్ళు నిర్ణయాలు చేసే దగ్గర ఉంటారా అన్నది వేరే ప్రశ్న. ఊరి నిర్ణయాల్లో, సేవలో, ఉమ్మడి వనరుల నిర్వహణలో యువతకు నిజమైన పాలు దక్కడాన్నే యువజన భాగస్వామ్యం అంటారు. 2014 నాటి జాతీయ యువజన విధానం 15 నుంచి 29 ఏళ్ళ వారిని యువతగా లెక్కించింది. తూర్పు, పశ్చిమ గోదావరి ప్రాంతాల్లో ఈ పాలు కోసం సాగిన ప్రయత్నాలకు నూట నలభై ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. పెద్దలు కుర్రాళ్ళ చేతికి అసలైన బాధ్యత అప్పగించి, వెనక నిలబడిన ప్రతిసారీ ఇక్కడ ఏదో ఒక సంస్థ పుట్టిందని ఆ చరిత్ర చెబుతుంది.

ధవళేశ్వరం ఆనకట్ట 1847–1852 మధ్య ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో కట్టారు. నీళ్ళు పారిన పొలాల ఆదాయంతో డెల్టా కుటుంబాలు పిల్లల్ని చదువుకు పట్నం పంపడం మొదలైంది. 1853లో పాఠశాలగా మొదలైన రాజమండ్రి ప్రభుత్వ విద్యాసంస్థ 1873 నాటికి కళాశాల అయింది. ఊళ్ళు విడిచి వచ్చి ఒకచోట చేరిన యువకులు, వాళ్ళు చదివే పత్రికలు, సాయంత్రాలు గోదావరి గట్టున సాగే చర్చలు అన్నీ కలిసి రాజమండ్రిని సంస్కరణోద్యమానికి కేంద్రం చేశాయి.

ఆ వాతావరణానికి కేంద్ర బిందువు కందుకూరి వీరేశలింగం (1848–1919). 1874లో ఆయన ‘వివేకవర్ధని’ పత్రిక పెట్టారు. అదే ఏడు ధవళేశ్వరంలో బాలికల పాఠశాల తెరిచారు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తన ఇంట తొలి వితంతు వివాహం జరిపించారు. వరుడు గోగులపాటి శ్రీరాములు, వధువు గౌరమ్మ. ఊరి పెద్దలు వెలివేతకు దిగారు. నీళ్ళు మోసే మనిషి రానంటే వీరేశలింగం భార్య రాజ్యలక్ష్మమ్మ స్వయంగా గోదావరికి వెళ్ళి బిందెలు నింపి తెచ్చారు. ఆ రోజుల్లో ఆ ఇంటికి కాపలాగా నిలిచింది, పెళ్ళి పనులకు చేయి కలిపింది ప్రధానంగా ఆయన విద్యార్థులే. చదువుకునే కుర్రాళ్ళు ఊరి కట్టుబాటును ధిక్కరించి ఒక పెళ్ళిపందిరిని కాపాడడం తెలుగు నేల మీద యువజన సామాజిక కార్యానికి తొలి ఘట్టాల్లో ఒకటి. వెలికి గురైతే నష్టపోయేది తామూ తమ ఇంటివాళ్ళేనని వాళ్ళకు తెలుసు. అందుకే ఆ సాయానికి అంత విలువ.

వీరేశలింగానికి అప్పటికి ముప్పై మూడేళ్ళు. అంటే ఉద్యమ నాయకుడు కూడా నేటి లెక్కలో యువతరానికి చేరువలోనే ఉన్నాడు. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య డబ్బు సాయం చేశారు. ఒకరి డబ్బు, ఒకరి కలం, పదుల కొద్దీ విద్యార్థుల కాళ్ళూ చేతులూ కలిసిన ఈ అమరిక తర్వాతి ఉద్యమాల్లో మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. 1890లో వీరేశలింగం కట్టించిన టౌన్‌హాలు ఊరి చర్చలకు కప్పు ఉన్న వేదిక అయింది.

1907 ఏప్రిల్‌లో స్వదేశీ ఉద్యమ నాయకుడు బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చారు. ఆయన ఆంగ్ల ప్రసంగాలను చిలకమర్తి లక్ష్మీనరసింహం తెలుగులో చెబుతుంటే విద్యార్థులు ఊగిపోయారు. తరగతి గదులకు వందేమాతరం బిళ్ళలు పెట్టుకుని వెళ్ళారు. ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ ఊరుకోలేదు. చాలామంది విద్యార్థుల మీద చర్య తీసుకున్నారు. వాళ్ళలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాల విద్యార్థి గాడిచర్ల హరిసర్వోత్తమరావును పూర్తిగా బహిష్కరించారు. ఆ ఏడాది మే నెలాఖరున కాకినాడలో కోపల్లె కృష్ణారావు అనే కుర్రవాడు వందేమాతరం అన్నందుకు కెంప్ అనే ఆంగ్లేయ వైద్యాధికారి అతన్ని కొట్టాడు. ఆగ్రహించిన జనం ఐరోపా వాసుల క్లబ్బు మీద పడ్డారు.

బహిష్కృతుడైన గాడిచర్ల దారి తర్వాత ఎటు మళ్ళిందన్నది ఈ వ్యాసానికి మరీ ముఖ్యం. విజయవాడలో ‘స్వరాజ్య’ పత్రిక నడిపి, రాజద్రోహం కేసులో జైలుకెళ్ళారు. బయటికి వచ్చాక ఆయన జీవితంలో పెద్ద భాగం గ్రంథాలయాలకూ వయోజన విద్యకూ అంకితమైంది. కళాశాల తలుపు మూసుకుపోయిన మనిషి ఊరూరా చదువు తలుపులు తెరిచే పనిలో స్థిరపడ్డాడు.

ఆ గ్రంథాలయోద్యమంలో గోదావరి బిడ్డల వాటా పెద్దది. 1890లో రామచంద్రపురం తాలూకా కొంకుదురులో పుట్టిన అయ్యంకి వెంకటరమణయ్య 1914 ఏప్రిల్ 10న విజయవాడలో తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల సభను సమకూర్చేనాటికి ఇరవై నాలుగేళ్ళు నిండలేదు. అధ్యక్షపీఠం మీద చిలకమర్తి ఉన్నారు. పెద్దాయన పేరుతో సభకు గౌరవం వచ్చింది. ఉత్తరాలు రాయడం, మనుషుల్ని పోగెయ్యడం, పత్రిక నడపడం చిన్నవాడి వంతు. ‘గ్రంథాలయ సర్వస్వం’ అలా వచ్చిన పత్రికే. రాజమండ్రిలో నాళం కృష్ణారావు చొరవతో రెండు పాత గ్రంథాలయాలు కలిసి గౌతమీ గ్రంథాలయంగా రూపుదిద్దుకున్నాయి. తాళపత్రాలు, పాత పత్రికలు వెతుక్కునే పరిశోధకులకు అది నేటికీ పెద్ద దిక్కు. పల్లెల్లో గ్రంథాలయమంటే పుస్తకాల గది మాత్రమే కాదు. చదవడం రానివాళ్ళకు పత్రిక చదివి వినిపించే అరుగు, రాత్రిబడి, సభామందిరం కూడా అదే. వీటిని నడపడంలో యువకులు సభ్యత్వ రుసుము వసూలు, జమాఖర్చు, తీర్మానాలు రాయడం నేర్చుకున్నారు. స్వాతంత్ర్యోద్యమానికి పనికొచ్చిన కార్యకర్తలు చాలామంది ఈ బడిలోనే ఆరితేరారు.

ఈ కథలో అందరికన్నా చిన్నది, అందరికన్నా గట్టిది దుర్గాబాయి. 1909లో రాజమండ్రిలో పుట్టి కాకినాడలో పెరిగింది. 1921లో గాంధీ కాకినాడ వస్తున్నారని తెలిసి, దేవదాసీలూ ముస్లిం స్త్రీలూ ఆయన్ని కలవాలని ఆ పన్నెండేళ్ళ పిల్ల పట్టుబట్టింది. ఆయన రావాలంటే ఐదువేల రూపాయల నిధి ఇవ్వాలని స్థానిక నాయకులు షరతు పెట్టారు. దేవదాసీలతో కలిసి ఆ డబ్బు పోగు చేసింది. సభకు స్థలం తానే కుదిర్చింది. కొద్ది నిమిషాలే అనుకున్న గాంధీ అంతకన్నా ఎక్కువసేపు ఉండి మాట్లాడారు. ఆయన హిందీని తెలుగులో చెప్పింది కూడా ఆమే. ఊరు దూరంగా ఉంచిన ఆడవాళ్ళ కోసం ఒక చిన్నపిల్ల ఊరి నాయకులతో బేరమాడి నెగ్గిన ఈ ఘటన ఒక్కటే చాలు, పిల్లల మాటకు సభలో చోటెందుకివ్వాలో అర్థం కావడానికి. ఆ కాలంలోనే ఆమె ఆడవాళ్ళకు హిందీ నేర్పే పాఠశాల కూడా నడిపింది.

రెండేళ్ళకు, 1923 డిసెంబరులో, మౌలానా మహమ్మద్ అలీ అధ్యక్షతన కాకినాడలో కాంగ్రెస్ మహాసభ జరిగింది. ఖద్దరు ప్రదర్శనశాల గుమ్మం దగ్గర స్వచ్ఛంద సేవికగా దుర్గాబాయి నిలబడింది. టిక్కెట్టు లేనిదే ఎవరినీ పంపవద్దన్నది ఆమెకు అప్పగించిన పని. టిక్కెట్టు లేకుండా వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూను ఆపేసింది. నిర్వాహకులు కంగారుపడి ఆమెను మందలించబోయారు. నెహ్రూ మాత్రం టిక్కెట్టు వచ్చేదాకా ఆగి, ఆ పిల్ల చేసింది సరైన పనేనని మెచ్చుకున్నారు. తెలుగువాళ్ళు ఈ కథను సరదాగా చెప్పుకుంటారు గానీ, దీన్ని పాలనాశాస్త్ర పాఠంగా చదవాలి. బాధ్యత ఇచ్చాక అది అందరికీ వర్తించాలి. పెద్దమనిషి ఎదురైనప్పుడు వెనక్కి తీసుకునేది బాధ్యత కాదు. దుర్గాబాయి తర్వాత మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించింది, రాజ్యాంగ సభలో కూర్చుంది, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైంది.

అదే కాకినాడ మహాసభ సందర్భంలో నెహ్రూ అధ్యక్షతన అఖిల భారత వాలంటీర్ల సమావేశం జరిగింది. కర్ణాటకకు చెందిన నారాయణ సుబ్బారావు హర్డీకర్ చొరవతో హిందూస్తానీ సేవాదళ్ రూపం తీసుకున్నది అక్కడే. దేశమంతటికీ క్రమశిక్షణ గల స్వచ్ఛంద కార్యకర్తలను తయారుచేసిన ఆ సంస్థకు పుట్టినచోటు డెల్టా పట్నమే.

కాకినాడకు మరో పెద్ద దిక్కు పిఠాపురం రాజా కళాశాల. రఘుపతి వెంకటరత్నం నాయుడు 1904 నుంచి 1919 వరకు దాని ప్రిన్సిపాల్. ఆడపిల్లలను కళాశాలలో చేర్చుకున్నారు. పిఠాపురం రాజా అండతో అనాథాశ్రమం, దళిత విద్యార్థులకు వసతిగృహం నడిపారు. రాజమండ్రిలో చిలకమర్తి 1909లో దళిత బాలలకు బడి పెట్టారు. అగ్రవర్ణ సంస్కర్తల ఈ దయకు హద్దులున్నాయి. ఆ హద్దులను దాటి సొంత గొంతుతో మాట్లాడినవాడు రాజమండ్రి వైద్యుడు, కవి కుసుమ ధర్మన్న. విదేశీ దొరతనంతో పాటు స్వదేశీ పెత్తనాన్నీ నిలదీసిన ఆయన రచన ‘మాకొద్దీ నల్లదొరతనము’ దళిత యువతకు తమ మాట తామే చెప్పుకునే ధైర్యాన్నిచ్చింది. ‘జయభేరి’ పత్రిక కూడా నడిపారు. కులం మాట ఎత్తకుండా ఈ ప్రాంతంలో యువజన భాగస్వామ్యం గురించి ఎవరు రాసినా సగం కథే రాసినట్టు.

స్వాతంత్ర్యం తర్వాత ఈ పని చాలావరకు ప్రభుత్వ పథకాల చేతికి వెళ్ళింది. 1969లో జాతీయ సేవా పథకం, 1972లో నెహ్రూ యువక కేంద్రాలు వచ్చాయి. ఓటు వయసును 21 నుంచి 18కి తగ్గిస్తూ 61వ రాజ్యాంగ సవరణ 1989లో అమలైంది. 73వ సవరణ తర్వాత వచ్చిన 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ళ ఓటరు గ్రామసభలో సభ్యుడే. వార్డు సభ్యుడిగానో సర్పంచిగానో నిలబడాలంటే మాత్రం 21 నిండాలి.

ప్రపంచంలో ఈ చర్చకు ఒక కొలబద్ద ఇచ్చినవాడు రోజర్ హార్ట్. 1992లో యునిసెఫ్ కోసం రాసిన పుస్తకంలో పిల్లల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపించాడు. అందులో కింది మూడు మెట్లు అసలు భాగస్వామ్యమే కాదన్నాడు. పెద్దలు తమ పనికి పిల్లల్ని వాడుకోవడం, అలంకారంగా నిలబెట్టడం, పేరుకు కుర్చీ వేసి మాట విననట్టుండడం ఆ మూడూ. పైమెట్లకు ఉదాహరణలు లేకపోలేదు. అమెరికాలోని బోస్టన్ నగరం 2014లో పది లక్షల డాలర్లు ఎక్కడ ఖర్చు చేయాలో నిర్ణయించే పనిని 12 నుంచి 25 ఏళ్ళ వారికే వదిలింది. పక్కనున్న కర్ణాటకలో పిల్లల కోసం ప్రత్యేకంగా ‘మక్కల గ్రామసభలు’ జరుపుతారు. మన కళాశాలల్లో జరిగే ర్యాలీలు, ప్రతిజ్ఞలు, మానవహారాల్లో చాలావాటిని హార్ట్ నిచ్చెన పక్కన పెడితే కింది మెట్ల దగ్గరే ఆగుతాయి.

విచిత్రమేమిటంటే, ప్రభుత్వం పిలవని చోట డెల్టా కుర్రాళ్ళు పైమెట్ల మీదే ఉన్నారు. కనుమ నాడు అంబాజీపేట మండలం జగ్గన్నతోటలో జరిగే ప్రభల తీర్థం చూస్తే తెలుస్తుంది. చుట్టుపక్కల పదకొండు ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు అక్కడికి చేరతాయి. వెదురు, రంగు గుడ్డలు, నెమలి ఈకలు, గంటలతో కట్టిన భారీ ప్రభలను భుజాన వేసుకుని పచ్చని వరిచేల మీదుగా నడుస్తారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలను కౌశిక కాలువ నీళ్ళలోంచి దాటిస్తారు. చేను తొక్కుడు పడినా రైతు అడ్డు చెప్పడు. 2023 గణతంత్ర దినోత్సవంలో ఢిల్లీ కవాతుకు ఆంధ్రప్రదేశ్ పంపిన శకటం ఈ తీర్థానిదే. దీని వెనక చందాల పుస్తకం, పనుల పంపకం, మోతగాళ్ళ వంతులు, ఊరికీ ఊరికీ మధ్య ఒప్పందాలు ఉంటాయి. ఒక పంచాయతీ నడపడానికి కావలసిన నైపుణ్యాలన్నీ ఇందులో ఉన్నాయి. పండగ అయిపోగానే ఆ నైపుణ్యం అటకెక్కుతుంది. మంచినీటి చెరువు గురించో మురుగు కాలువ గురించో ఆ కుర్రాళ్ళను కూర్చోబెట్టి అడిగే అలవాటు మాత్రం లేదు.

సినిమా అభిమాన సంఘాలదీ ఇలాంటి కథే. మొగల్తూరులో పుట్టిన చిరంజీవి 1998లో హైదరాబాదులో రక్తనిధి పెట్టాక, అభిమాన సంఘాల పుట్టినరోజు వేడుకల్లో రక్తదాన శిబిరం విడదీయలేని భాగమైంది. 2024లో వచ్చిన ‘కమిటీ కుర్రోళ్ళు’ సినిమా గోదావరి పల్లెలోని స్నేహాన్నీ, జాతరనూ, కులం పెట్టే చీలికనూ ఒకేచోట చూపింది.

వరద వచ్చినప్పుడు ఈ ఊరి నేర్పు ప్రాణాలు కాపాడుతుంది. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది జారీ చేస్తారు. 2022 జూలైలో ప్రవాహం 25 లక్షలు దాటింది. కోనసీమ లంకలు నీట మునిగాయి. 1996 నవంబరు 6న కోనసీమను చిదిమేసిన తుపానులో వెయ్యిమందికి పైగా చనిపోయిన జ్ఞాపకం ఆ ఇళ్ళలో ఇంకా ఉంది. ఏ రేవులో సుడి తిరుగుతుందో, ఏ గట్టు బలహీనంగా ఉందో, ఏ ఇంట్లో మంచం దిగలేని ముసలమ్మ ఉందో లంకలో పెరిగిన కుర్రాడికి తెలిసినంతగా బయటినుంచి వచ్చిన బృందానికి తెలియదు. స్థానికులకు విపత్తు సాయంలో శిక్షణ ఇచ్చే ‘ఆపద మిత్ర’ పథకం 2016లో మొదలైంది. ఇలాంటి శిక్షణ ప్రతి లంకకూ చేరాలి. లైఫ్ జాకెట్లు, తాళ్ళు, పడవ మరమ్మతు ఖర్చు కూడా చేరాలి. స్థానికుల చేతికి బాధ్యత అప్పగించడానికి కోరింగ మడ అడవుల దగ్గర ఒక నమూనా ఉంది. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఆ అడవిలో సందర్శకుల ఏర్పాట్లు స్థానిక గ్రామస్థుల కమిటీలతో కలిసి నడుస్తున్నాయి. ఉప్పెన వేగాన్ని తగ్గించే మడచెట్టు నిలబడితే అక్కడి యువతకు ఉపాధీ నిలుస్తుంది.

అదే యువశక్తి తప్పుదారి పడితే ఏమవుతుందో 2022 మే 24న అమలాపురంలో కనిపించింది. కొత్తగా ఏర్పడిన కోనసీమ జిల్లాకు బి.ఆర్. అంబేడ్కర్ పేరు చేర్చాలన్న ప్రతిపాదనకు వ్యతిరేకంగా సాగిన ప్రదర్శన హింసగా మారింది. మంత్రి, శాసనసభ్యుడి ఇళ్ళకు నిప్పు పెట్టారు. రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. యువకులు పెద్దసంఖ్యలో కేసుల్లో ఇరుక్కున్నారు. జిల్లా చివరికి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లాగానే నిలిచింది. రాజ్యాంగ నిర్మాత పేరు తమ జిల్లాకు ఉండడాన్ని అవమానంగా భావించేలా పిల్లల్ని పెంచిన బాధ్యత ఆ పిల్లలొక్కరిదే కాదు. వేర్వేరు కులాల కుర్రాళ్ళు ఒకే బల్ల దగ్గర కూర్చుని ఊరి లెక్క చూసుకునే చోటు ముందునుంచీ ఉంటే, వాట్సాప్ పుకారుకు అంత బలం ఉండేది కాదు.

2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గ్రామ, వార్డు సచివాలయాలను తెచ్చింది. దాదాపు యాభై ఇళ్ళకొకరు చొప్పున సుమారు రెండున్నర లక్షల మంది వాలంటీర్లను నెలకు ఐదువేల గౌరవ వేతనంతో నియమించింది. వాళ్ళలో అత్యధికులు యువతీ యువకులే. పింఛను గుమ్మం దగ్గరికి చేర్చారు, కోవిడ్ కాలంలో ఇల్లిల్లూ తిరిగి సర్వే చేశారు. అయితే వాళ్ళకు అప్పగించింది పంపిణీయే తప్ప నిర్ణయం కాదు. పాలక పక్షం మనుషులన్న ఆరోపణ వాళ్ళను వదల్లేదు. 2024 ఎన్నికల ముందు ఎన్నికల కమిషన్ వాళ్ళను పింఛన్ల పంపిణీకి దూరంగా ఉంచింది. ప్రభుత్వం మారాక వ్యవస్థ కొనసాగలేదు. ఐదేళ్ళు ఇల్లిల్లూ తిరిగిన అనుభవం అంతా ఏ పంచాయతీ పుస్తకంలోకీ ఎక్కకుండా పోవడం పెద్ద నష్టం.

2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు జరిపారు. అంకె గొప్పదే. కానీ డెల్టా యువతలో చాలామంది ఆ రోజున ఊళ్ళో ఉండరు. హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉద్యోగంలో ఉంటారు, కోనసీమ వాళ్ళు కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఉంటారు. వాళ్ళు ఊరికి వచ్చేది సంక్రాంతికి. భోగి, కనుమల మధ్య ఒక పూట గ్రామాభివృద్ధి ప్రణాళిక మీద సభ పెడితే హాజరు పట్టికే మారిపోతుంది. పెళ్ళయి వేరే ఊరు వెళ్ళే ఆడపిల్లల సంగతి మరో చిక్కు. స్థానిక సంస్థల్లో సగం స్థానాలు స్త్రీలకు ఉన్నా, కుర్చీలో భార్య, పెత్తనంలో భర్త అన్న తంతు చాలా ఊళ్ళలో పోలేదు. బడిలో ఉండగానే ఆడపిల్లలకు సభలో మాట్లాడే అలవాటు చేస్తే తప్ప ఇది మారదు.

2027లో గోదావరికి మళ్ళీ పుష్కరాలు. 2015 జూలై 14న, పుష్కరాల తొలి రోజే, రాజమండ్రి ఘాట్‌లో తొక్కిసలాట జరిగి 27 మంది ప్రాణాలు కోల్పోయారు. విద్యార్థి వాలంటీర్లు ఆ పుష్కరాల్లోనూ ఉన్నారు. నీళ్ళ ప్యాకెట్లు అందించారు, ముసలివాళ్ళను చెయ్యి పట్టి నడిపించారు. ఈసారి ఘాట్ల వారీగా రాకపోకల ప్రణాళిక గీసే బల్ల దగ్గరికే వాళ్ళను పిలవాలి. రాజమండ్రి, కొవ్వూరు వీధులను, రేవులను రోజూ తిరిగే కళాశాల విద్యార్థులకు ఏ సందు ఎక్కడ ఇరుకవుతుందో తెలుసు. గేటు దగ్గర నిలబెట్టిన విద్యార్థిని ఎవరినైనా ఆపితే, ఆగిన మనిషి ఎంత పెద్దవాడైనా అధికారులు ఆ అమ్మాయి పక్షాన నిలవాలి.